"డిడ్ నాట్ వెంట్" మా పాపకి ఎలా పోయిందంటే

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో, మా పాప 7వ క్లాసు. "ఐ డిడ్ నాట్ గో" అనాల్సిన చోట "ఐ డిడ్ నాట్ వెంట్" అనేది, ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. రూల్ బట్టీ పట్టిస్తే పరీక్షలో రాసేది, మాట్లాడేటప్పుడు మాత్రం మామూలే. ఒకరోజు బెండకాయలు తరుగుతూ, "వెళ్ళాను"కి వ్యతిరేకం ఏంటే అని అడిగా, "వెళ్ళలేదు" అంది. మరి "వెళ్ళాను లేదు" అని ఎందుకనలేదు అన్నా. కాసేపు ఆలోచించి, "లేదు అంటేనే అయిపోయిన సంగతని తెలుస్తుంది కదమ్మా" అంది. అదే, ఇంగ్లీషులో ఆ పని డిడ్ చూసుకుంటుంది, పక్కన ఉత్త గో చాలు, డిడ్ యు సీ, డిడ్ నాట్ ఈట్ అన్నీ ఇంతే అని చెప్పా.

ఇప్పుడు రోజూ రాత్రి 10 నిమిషాలు స్కూల్ కబుర్లు నేను డిడ్‌తో అడుగుతా, తను చెప్తుంది, తర్వాత కథల పుస్తకం ఒక పేజీ పైకి చదువుతుంది, మధ్యలో అస్సలు ఆపను, తప్పులుంటే పేజీ అయ్యాకే. 3 వారాలకి తనే వాళ్ళ తమ్ముణ్ణి దిద్దుతోంది.