బీర్ కాక్‌టెయిల్ పేర్లలో దాగిన రాజకీయ చరిత్రను ఎలా చదవాలి?

అమెరికాలో ఐరిష్ పబ్ మెనూల మీద ‘బ్లాక్ అండ్ టాన్’ అనే పేరు తరచూ కనిపిస్తుంది. అదే పేరు డబ్లిన్‌లో కౌంటర్ దగ్గర గట్టిగా అంటే పక్కవాళ్ల ముఖాలు మారిపోవచ్చు. చదువుకనో ఉద్యోగానికనో ఐర్లాండ్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అందుకే ఇలాంటి పేరు ఎదురైతే దాని వెనక ఏముందో తేల్చుకునే పద్ధతి ఒకటి చెబుతాను.

మొదటి మెట్టు: గ్లాసులో ఏముందో చూడండి

బ్లాక్ అండ్ టాన్ అంటే సగం పేల్ ఏల్ లేదా లాగర్, సగం స్టౌట్ అనే నల్ల బీరు. ముందు లేత రంగు బీరును సగం దాకా పోస్తారు. తర్వాత చెంచాను బోర్లించి పట్టుకుని, దాని మీదుగా గిన్నెస్ లాంటి స్టౌట్‌ను మెల్లగా జారవిడుస్తారు. చూడ్డానికి చిక్కగా ఉన్నా గిన్నెస్ సాంద్రత కింది బీరు కంటే తక్కువ, కాబట్టి పైనే నిలుస్తుంది. పైన నలుపు, కింద లేత గోధుమరంగు. అంటే ఈ పేరు రావడానికి రంగులే చాలు, రాజకీయం అక్కర్లేదు. ఏ పేరునైనా ముందు ఇలా చూసి, అది రంగు గురించా, ఊరు గురించా, మనిషి గురించా, ఏదైనా సంఘటన గురించా అన్నది కాగితం మీద రాసుకోండి.

రెండో మెట్టు: తేదీలు పక్కపక్కన పెట్టండి

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఒక మాట మొదట ఎప్పుడు అచ్చులో కనబడిందో సంవత్సరంతో సహా ఇస్తుంది. పాత పత్రికల డిజిటల్ ప్రతులు కూడా వెతకండి. బ్లాక్ అండ్ టాన్ అనే పానీయం 19వ శతాబ్దం చివరికే అచ్చులో ఉంది. ఐర్లాండ్‌లో ఆ పేరుతో పిలిచిన పోలీసు బలగం వచ్చింది 1920లో. కాబట్టి పోలీసుల మీదుగా పానీయానికి పేరు రాలేదు.

తేదీలు చూస్తే ఎంతో అందమైన కథ కూడా కూలిపోతుంది. బీరులో లెమనేడ్ కలిపే జర్మన్ ‘రాడ్లర్’కు (ఆ మాటకు అర్థం సైకిలిస్టు), 1922లో మ్యూనిక్ దగ్గర ఫ్రాంజ్ జావెర్ కుగ్లర్ అనే హోటల్ యజమాని 13,000 మంది సైకిలిస్టులు ఒకేసారి రావడంతో బీరు సరిపోక లెమనేడ్ కలిపి ఆ పేరు పెట్టాడని చెబుతారు. కానీ 1912లో అచ్చయిన ఒక బవేరియా రచయిత్రి ఆత్మకథలోనే ఆ మాట ఉంది.

మూడో మెట్టు: పేరు పాతదని తేలగానే ఆగిపోవద్దు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పానీయం పేరు ముందు నుంచే ఉంది కదా, ఇక బాధేముంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ పేరు మీద తర్వాత ఏం జరిగిందో చూడాలి.

1919 నుంచి 1921 దాకా ఐర్లాండ్ బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడింది. అప్పటి పోలీసు దళం రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ నుంచి ఐరిష్ వాళ్లు ఉద్యోగాలు వదిలేసి వెళ్లిపోతుంటే, 1920లో బ్రిటన్ నుంచి మాజీ సైనికులను రోజుకు 10 షిల్లింగుల జీతానికి దింపారు. యూనిఫాంలు చాలలేదు. సైన్యం ఖాకీ, పోలీసుల ముదురాకుపచ్చ కలిపి తొడిగించారు. ఆ ముదురాకుపచ్చ నల్లగానే కనిపించేది. లిమెరిక్ ప్రాంతంలో స్కార్టీన్ వేటకుక్కలకు రంగును బట్టి అప్పటికే ఉన్న ‘బ్లాక్ అండ్ టాన్స్’ అనే పేరు వీళ్లకు అంటుకుంది.

1920 సెప్టెంబర్ 20 రాత్రి వీళ్లు డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న బాల్‌బ్రిగన్ మీద పడి, ఇళ్లూ ఒక హోజరీ ఫ్యాక్టరీ తగలబెట్టి, ఇద్దరు స్థానికులను చంపారు. నవంబర్ 21న క్రోక్ పార్క్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా పోలీసు బలగాలు జరిపిన కాల్పుల్లో 14 మంది పోయారు. వందేళ్లయినా ఆ గాయం మానలేదు. 2020 జనవరిలో ఆ పాత పోలీసుల స్మారక కార్యక్రమం తలపెట్టిన ఐరిష్ ప్రభుత్వం, జనం మండిపడటంతో దాన్ని వాయిదా వేసుకుంది. 2006లో బెన్ అండ్ జెర్రీస్ ఇదే పేరుతో ఐస్‌క్రీమ్ తెచ్చి క్షమాపణ చెప్పింది. 2012లో ఒక బూటు విషయంలో నైకీకీ అదే తప్పలేదు.

పేరు ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, అది ఇప్పుడు ఎవరికి ఏం గుర్తు చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. రెండు జవాబులూ విడివిడిగా రాసుకోండి.

నాలుగో మెట్టు: ఆ పేరు ఎవరు, ఎక్కడ పెట్టారు?

‘ఐరిష్ కార్ బాంబ్’ 1979లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక బార్‌లో పుట్టింది. స్టౌట్ గ్లాసులోకి ఐరిష్ విస్కీ, ఐరిష్ క్రీమ్ నింపిన చిన్న గ్లాసును జారవిడిచి గటగటా తాగేస్తారు. అప్పటికి అయిదేళ్ల కింద, 1974 మే 17న డబ్లిన్, మోనహన్‌లలో నిజం కార్ బాంబులు పేలి 33 మంది చనిపోయారు. 1998 ఆగస్టు 15న ఉత్తర ఐర్లాండ్‌లోని ఓమాలో మరో కార్ బాంబు 29 మందిని బలి తీసుకుంది. శవాలు మోసినవాళ్లకు ఇది సరదా పేరు కాదు. అంత దూరాన కూర్చున్నవాళ్లకే ఇలాంటి పేరు తోచింది.

అయిదో మెట్టు: ‘అంటారు’ అన్నది ‘అంటారు’గానే ఉంచండి

మ్యూనిక్‌లో గోధుమ బీరు, లెమనేడ్ కలిపితే ‘రస్’, అంటే రష్యన్. 1918 నవంబర్‌లో సోషలిస్టు నాయకుడు కుర్ట్ ఐస్నర్ బవేరియా రాజును దించినప్పుడు విప్లవకారులు మాథేజర్ బీరు హాల్లో సమావేశమయ్యారు. ఇది చరిత్ర. జనం వాళ్లను రష్యన్లు అనేవారనీ, వాళ్లు బీరు సరిపోక లెమనేడ్ కలుపుకున్నారనీ చెప్పేది మాత్రం నోటి కథ. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861లో చనిపోయినప్పుడు లండన్ క్లబ్బులో షాంపేన్‌కు కూడా సంతాపంగా నల్ల స్టౌట్ కలిపారన్న ‘బ్లాక్ వెల్వెట్’ కథా అలాంటిదే.

చివరగా, కౌంటర్ దగ్గర

ఐర్లాండ్‌లో ఆ పానీయమే కావాలంటే ‘హాఫ్ అండ్ హాఫ్’ అనండి, లేదా రెండు బీర్ల పేర్లూ చెప్పి కలిపిమ్మనండి. కార్ బాంబ్ అనే పేరుతో ఎక్కడా అడగకండి. మెనూ రాసే పని మీదే అయితే ఆ పేరు కొట్టేసి ‘స్టౌట్, ఐరిష్ విస్కీ, క్రీమ్’ అని రాస్తే చాలు, తాగేవాళ్లకు అర్థమవుతుంది.