ఆన్ కాని ల్యాప్‌టాప్: కరెంటు ఏ మజిలీలో ఆగింది?

“ల్యాప్‌టాప్ ఆన్ అయితలేదు” అని ఫోన్ చేసేవారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: మీట నొక్కినప్పుడు ఏం కనిపించింది, ఏం వినిపించింది? “ఏమీ లేదు” అని చాలామంది వెంటనే అనేస్తారు కానీ, మళ్లీ నొక్కి చూడమంటే చిన్న తెల్ల లైటు వెలిగి ఆరిందనో, లోపల ఫ్యాను ఒక్కసారి తిరిగిందనో, కంపెనీ పేరు వచ్చి పోయిందనో చెప్తారు. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

మీట నొక్కాక జరిగేదంతా ఒక ప్రయాణం. గోడ సాకెట్ నుంచి చార్జర్‌కు, చార్జర్ నుంచి మదర్‌బోర్డుకు (లోపలి భాగాలన్నింటినీ కలిపే ప్రధాన బోర్డుకు) కరెంటు చేరుతుంది. మదర్‌బోర్డు ర్యామ్‌నూ (నడుస్తున్న పనిని తాత్కాలికంగా గుర్తుంచుకునే భాగం) తెరనూ సరిచూసుకొని, విండోస్, ఫైళ్లు దాచి ఉండే డిస్కును వెతుకుతుంది. డిస్కు దొరికాకనే విండోస్ లేస్తుంది. నల్లగొండలో ఎక్కిన బస్సు నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటితేనే హైదరాబాద్ చేరుతుంది. చిట్యాలలో ఆగిన బస్సును ఎల్‌బీ నగర్‌లో వెతికి లాభం లేదు. కరెంటే చేరని ల్యాప్‌టాప్‌కు విండోస్ మళ్లీ వేయించుకోమని సలహా ఇవ్వడం అటువంటి వెతుకులాటే.

లక్షణం: ఒక్క లైటూ వెలగదు, ఫ్యాను చప్పుడూ లేదు

ఇక్కడ అనుమానించవలసింది ల్యాప్‌టాప్‌ను కాదు, దాని వెనక ఉన్న తీగను. ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కనబెట్టి, గోడ సాకెట్‌లో ముందు ఫోన్ చార్జర్‌నో టేబుల్ ఫ్యాన్‌నో పెట్టి కరెంటు వస్తున్నదని తేల్చుకోవాలి. దేవరకొండ వైపు ఒక ఊరిలో మా బంధువుల ల్యాప్‌టాప్ రెండు రోజులుగా “చచ్చిపోయింది” అంటే వెళ్లి చూశాను. ప్లగ్గు మూడో కాలు లోపలికి దిగని పాత బోర్డులో దాన్ని సగం వరకే గుచ్చి ఉంచారు. పని అర నిమిషంలో అయిపోయింది, భోజనానికి మాత్రం రెండు గంటలు పట్టింది.

సాకెట్ బాగుంటే చార్జర్‌ను చూడాలి. చాలా చార్జర్ల మీద చిన్న లైటు ఉంటుంది, ఆ లైటే సగం రోగాన్ని చెప్తుంది. ల్యాప్‌టాప్‌కు తగిలించకముందు కూడా అది వెలగకపోతే చార్జరో, సాకెట్‌కు దాన్ని కలిపే విడి వైరో పోయిందని అర్థం. ఆ వైరు చాలా రకాల ల్యాప్‌టాప్‌లకు ఒకటే కనుక పొరుగువారిది తెచ్చి చూడవచ్చు. విడిగా ఉన్నప్పుడు వెలిగి, ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఆరిపోతే మాత్రం లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు లెక్క. చార్జర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతున్నది. అప్పుడు పదేపదే తగిలించి చూడకుండా మరమ్మతుకు ఇవ్వడమే మంచిది.

మల్టీమీటర్ ఉన్నవారు గుండ్రటి పిన్ను చార్జర్‌ను కొలిస్తే దాని మీద ముద్రించిన వోల్టేజీ, అంటే సాధారణంగా 19 నుంచి 20 వోల్టులు కనిపించాలి. టైప్-సి చార్జర్ విషయంలో ఈ కొలత మోసం చేస్తుంది, ఎందుకంటే ల్యాప్‌టాప్ అడిగేదాకా అది 20 వోల్టులు ఇవ్వదు. విడిగా కొలిస్తే 5 వోల్టులో, అసలు సున్నానో చూపిస్తుంది. దాన్ని చూసి చార్జర్ పోయిందనుకొని కొత్తది కొన్నవారు నాకు తెలుసు. అలాగే 65 వాట్లు కావలసిన ల్యాప్‌టాప్‌కు 18 వాట్ల ఫోన్ చార్జర్ తగిలించి అది లేవలేదనడమూ న్యాయం కాదు. వేరే చార్జర్‌తో పరీక్షించేటప్పుడు వోల్టేజీ సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి: 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 65 వాట్ల చార్జర్.

మన ఊర్లలో ప్రతి దోషాన్నీ లో వోల్టేజీ మీదికి నెట్టడం అలవాటు. బోరు మోటర్లన్నీ ఒకేసారి ఎత్తుకున్నప్పుడు బల్బు మసకబారడం నిజమే కానీ, ల్యాప్‌టాప్ చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేనితోనైనా పనిచేసేలా తయారవుతుంది. దాని వెనకాలే ఆ సంగతి రాసి ఉంటుంది. అసలు గండం తక్కువ వోల్టేజీతో కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) పోవడంతో. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ వైరు వదులైతే, 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి ఒక్కోసారి 400 దగ్గరిదాకా వచ్చిపడుతుంది. గాలివాన వచ్చిన రాత్రి బల్బు ఉన్నట్టుండి అతి తెల్లగా వెలిగి, తెల్లారేసరికి టీవీ, ఫ్యాను, చార్జర్ అన్నీ పోయాయంటే కారణం దాదాపు ఇదే. అటువంటప్పుడు తరచుగా చార్జర్ ఒక్కటే బలైపోతుంది, ల్యాప్‌టాప్ క్షేమంగా ఉంటుంది. కనుక బోర్డు పోయిందని దిగులుపడకముందు సరైన వాట్ల మరో చార్జర్‌తో ఒకసారి చూడాలి.

సాకెట్, చార్జర్ రెండూ బాగుండి కూడా ల్యాప్‌టాప్ కదలకపోతే, బోర్డులో నిలిచిపోయిన కరెంటును వదిలించడం తరువాతి పని. చార్జర్ తీసేసి, ఊడదీసే బ్యాటరీ అయితే అదీ తీసి, పవర్ మీటను 30 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తరువాత బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే తగిలించి మామూలుగా నొక్కాలి. అప్పుడు లేస్తే దోషం బ్యాటరీది కావచ్చు. బ్యాటరీ లోపలే బిగించి ఉన్నవాటికి కూడా ఇదే పని చార్జర్ తీసి చేయవచ్చు. థింక్‌ప్యాడ్ వంటి కొన్నింటికి అడుగున సన్నటి రీసెట్ రంధ్రం ఉంటుంది, పేపర్ పిన్నుతో నెమ్మదిగా నొక్కాలి. నెలల తరబడి మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి అరగంట ఆగాకనే తీర్పు చెప్పాలి.

మే నెలలో రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కకపోవచ్చు. లిథియం బ్యాటరీలు 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ తీసుకోకుండా చాలా కంపెనీలు కట్టడి పెడతాయి. నల్లగొండ ఎండలకు ఆ అంకె పెద్దదేమీ కాదు. చల్లటి చోట గంటసేపు ఉంచి చూడాలి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు మూత బల్ల మీద ఊగుతున్నా లోపలి బ్యాటరీ ఉబ్బిందని అర్థం: చార్జింగ్ ఆపేయాలి, నొక్కకూడదు, గుచ్చకూడదు, వెంటనే తీయించాలి.

లక్షణం: లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉంది

ముందు క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే ల్యాప్‌టాప్ లోపల బతికే ఉంది, కనిపించడం లేదంతే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కితే తెరను నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలవుతుంది. అయినా రాకపోతే గదిలో దీపం ఆర్పి, ఫోన్ టార్చిని తెర మీదికి ఏటవాలుగా వేసి చూడాలి. అక్షరాలు నీడల్లా కనిపిస్తే తెర వెనక వెలుగు పోయింది. ఇంట్లోని టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి చూస్తే ఇంకా స్పష్టంగా తేలుతుంది: టీవీలో బొమ్మ వస్తే రోగం తెరదో, మడత దగ్గర నలిగిన దాని వైరుదో.

క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్‌ను విడదీసి, ముందు ఏదైనా ఇనుప కిటికీ చువ్వను తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకొని, ర్యామ్ బద్దను ఇరువైపులా క్లిప్పులు తెరిచి బయటికి తీయాలి. దాని బంగారు రంగు అంచును బడిపిల్లల మామూలు తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపి, మళ్లీ క్లిప్పు శబ్దం వచ్చేదాకా బిగించాలి. రెండు బద్దలుంటే ఒక్కొక్కటి పెట్టి చూస్తే ఏది చెడిందో దొరికిపోతుంది. పలుచటి కొత్త మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ వైద్యం లేదు. ఇంకొక మాట: కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు, బోర్డు దాన్ని పరిచయం చేసుకుంటుంది, కంగారుపడి మీట నొక్కి ఆర్పేయవద్దు.

లైటు ఊరికే మిణుకుమంటున్నదని తీసిపారేయకుండా లెక్కపెట్టండి, ఆ మిణుకులు సంకేతాలు. డెల్ ల్యాప్‌టాప్‌లో పసుపు రంగు రెండుసార్లు, తెలుపు మూడుసార్లు మెరిస్తే ర్యామ్ కనిపించలేదని చెప్తున్నట్టు. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు కూడా ఇలాగే మాట్లాడుతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే బాగుచేసేవారికి సగం పని తగ్గుతుంది.

లక్షణం: ఆన్ అవుతుంది, కాసేపటికే ఆరిపోతుంది

ఒకటి రెండు సెకన్లలోనే ఆరిపోతే ర్యామో షార్టో. ఐదు పది నిమిషాలు నడిచి ఆరితే వేడి. మన జిల్లాలో ఈ వేడికి స్థానిక కారణాలున్నాయి. పత్తి ఏరే నెలల్లో ఇల్లంతా తేలే సన్నటి దూది పోగులు ఫ్యాను వెనక రేకుల మధ్య చాప పరిచినట్టు పేరుకుంటాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కన ఉండేవారికి ఆ పని ఊక దుమ్ము చేస్తుంది. అడుగు మూత విప్పి, ఫ్యాను రెక్కలను ఒక వేలితో తిరగకుండా పట్టుకొని, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయాలి. పంక్చర్ షాపు గాలి కొట్టించవద్దు. ఆ గాలిలో నీటి తుంపరలుంటాయి, ఆ వేగానికి ఫ్యాను ఇరుసూ చెడుతుంది. నాలుగైదేళ్ల ల్యాప్‌టాప్ అయితే ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు కూడా ఎండిపోయి ఉంటుంది, అదీ మార్పించాలి. పరుపు మీద పెట్టి వాడితే కొత్త పేస్టూ ఏమీ చేయలేదు.

లక్షణం: కంపెనీ పేరు వచ్చింది, తరువాత “నో బూటబుల్ డివైజ్” అన్నది

ముందు పక్కన గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ తీసేయండి. నవ్వు వచ్చినా ఇది నిజమైన కారణమే. తరువాత ఆన్ చేస్తూనే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10, నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత అమరికల తెర) వెళ్లి రెండు సంగతులు చూడాలి. తేదీ ఏనాడో గడిచిన సంవత్సరాన్ని చూపిస్తే బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. దానితోపాటు బూట్ అమరికలూ (విండోస్‌ను ఎలా లేపాలో చెప్పేవి) చెరిగిపోవడం వల్ల డిస్కును గుర్తుపట్టలేకపోతుండవచ్చు. కొన్నింటిలో సీఆర్2032 రకం 3 వోల్టుల బిళ్ల ఉంటుంది, తక్కువ ఖర్చుతో పోతుంది. మార్చాక బయోస్‌లో యూఈఎఫ్ఐ అనే బూట్ అమరికను మళ్లీ పెట్టాలి. తేదీ సరిగా ఉండి, డిస్కు పేరే కనిపించకపోతే డిస్కును ఒకసారి తీసి బిగించి చూడాలి. పాత హార్డ్‌డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ఇక ఆన్ చేయవద్దు, ప్రతి ప్రయత్నమూ లోపలి ఫొటోలను ఇంకొంత చెరిపేస్తుంది.

లక్షణం: విండోస్ మొదలై మధ్యలో నిలిచిపోయింది

ఇక్కడిదాకా వచ్చిందంటే యంత్రం దాదాపు ఆరోగ్యంగానే ఉంది. అయినా మన దగ్గర ఫార్మాట్ కొట్టించేది ఎక్కువగా ఈ దశలోనే. విండోస్ లేస్తుండగా పవర్ మీటను నొక్కిపట్టి ఆర్పడం వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపలికి వెళ్లి, మొదట స్టార్టప్ రిపేర్, అది ఓడిపోతే అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆపైన సిస్టమ్ రిస్టోర్ ప్రయత్నించాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి (విండోస్ కనీస భాగాలతోనే లేచే పద్ధతి) వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేస్తే అవి లేచాయి, ఫార్మాట్ అవసరం రాలేదు.

రిపేర్ తెర 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) కీ అడిగితే బెదరవద్దు. కొత్త విండోస్ 11 యంత్రాలలో డిస్కు తాళం చాలాసార్లు మనకు తెలియకుండానే పడి ఉంటుంది. బయోస్ మార్చినా, బోర్డు మార్చినా అది కీ అడుగుతుంది. మొదటిరోజు ల్యాప్‌టాప్‌లో ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యారో దానిలోకి ఫోన్ నుంచి వెళ్తే ఆ కీ దొరుకుతుంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఇలాగే ఆగితే, దుకాణంలో కీ సంగతి అడగకుండానే ఫార్మాట్ చేసిచ్చారు. స్కాన్ చేసి దాచుకున్న సర్టిఫికెట్లన్నీ పోయాయి. ఆమె ఖాతాలో కీ అప్పటికీ భద్రంగానే ఉంది.

దుకాణానికి ఇవ్వవలసి వస్తే

పైవన్నీ చూశాక మిగిలేది షార్టయిన బోర్డు, ఊడిన చార్జింగ్ పిన్ను, టీ ఒలికిన కీబోర్డు. టీ ఒలికినదాన్ని ఆన్ చేసి చూడకుండానే తీసుకెళ్లాలి, చక్కెర పాకం ఆరేకొద్దీ బోర్డును తినేస్తుంది. చిప్పు స్థాయి మరమ్మతు మన ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లవచ్చు. ఎక్కడిచ్చినా “డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయవద్దు” అని రసీదు మీదే రాయించండి. వీలైతే డిస్కు తీసి ఇంట్లో పెట్టుకొని మిగతాది ఇవ్వండి, బోర్డు బాగుచేయడానికి మీ డిస్కుతో పనిలేదు.