పెరట్లో గుడ్ల బాతులు: పిల్లలను తడవకుండా పెంచడం ఎలా?

బాతు నీటి పక్షి అన్న మాటలో తప్పు లేదు. అయితే ఇంట్లో పెంచే బాతుపిల్లలు మొదటి రెండు వారాల్లోనే చనిపోవడానికి, నేను చూసినంతలో, ఆ మాటను పట్టుకుని చేసే పనులే ఎక్కువగా కారణమవుతున్నాయి. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి వైపు వరి కోతలు ముగిశాక మళ్లలో మేపుకుంటూ తిరిగే బాతుల మందలను చూసినవారు పిల్లలకూ అదే బతుకు అనుకుంటారు. "అక్కా, చెరువులో అంత హాయిగా ఈదతా ఉండాయి కదా, పిల్లల్ని తొట్లో వదిలితే ఏమవుతాది?" అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే. చెరువులో ఈదేవి ఒళ్లంతా ఈకలు నిండిన పెద్ద బాతులు. మీ గంపలో ఉన్నవి నూగు తప్ప మరేమీ లేని పసికూనలు. ఈ తేడా తెలిస్తే బాతుల పెంపకంలో మిగిలినదంతా సులువే.

ఏ బాతులు, ఎన్ని?

గుడ్ల కోసమైతే ఖాకీ క్యాంప్‌బెల్ జాతినే తెచ్చుకోవాలి. మేత, నీరు సరిగా అందితే ఒక్కో బాతు ఏడాదికి 250 నుంచి 300 గుడ్లు పెడుతుంది, సుమారు ఐదో నెలలో గుడ్లకు వస్తుంది. తెల్లగా, లావుగా ఉండే పెకిన్ బాతు చూడ్డానికి బాగుంటుంది గానీ అది మాంసపు జాతి. తినే మేతకు తగిన గుడ్లు పెట్టదు. నలుగురున్న ఇంటికి ఐదు ఆడబాతులు చాలు. ఒంటరి బాతును ఎప్పుడూ పెంచకూడదు, అది తోడు లేక మేత మానేస్తుంది. పొదిగించే ఉద్దేశం లేకపోతే మగబాతు అక్కరలేదు, అది లేకున్నా గుడ్లు పెడతాయి. పిల్లలు కొంచెం పెద్దయ్యాక గొంతును బట్టి ఆడమగ తెలుస్తుంది: గట్టిగా అరిచేది ఆడది, బొంగురుగా అరిచేది మగది. ఎదిగిన మగబాతుకు తోక మీద రెండు మూడు ఈకలు పైకి మెలి తిరిగి ఉంటాయి.

చిత్తూరు వైపు వారికి బెంగుళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ అందుబాటులోనే ఉంటుంది. ముందుగా విచారించి, ఒకరోజు వయసు పిల్లలు దొరికినప్పుడు తెచ్చుకోవచ్చు. సంతలో బుట్టలో కుక్కి అమ్మే పిల్లలను కొనవద్దు. వాటి వయసు ఎంతో, అవి ఎన్నిసార్లు తడిసి ఆరాయో ఎవరూ చెప్పలేరు.

నాటుకోడి కింద బాతుగుడ్లు పెట్టి పొదిగించే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు తామై పొదగడం అరుదు కాబట్టి ఆ పద్ధతి పుట్టింది. కోడిగుడ్డుకు 21 రోజులు పడితే బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుంది, ఆ చివరి వారంలో కోడి విసిగి లేచిపోయే ప్రమాదం ఉంటుంది. గుడ్లు పెద్దవి కాబట్టి కోడి వాటిని సరిగా తిప్పలేదు, రోజుకు రెండుసార్లు మనమే తిప్పాలి. మొదటిసారి పెంచేవారు పిల్లలను కొనడమే మంచిది.

పిల్లలను సంక్రాంతి దాటాక తేవాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు ఇల్లంతా చెమ్మగా ఉన్నప్పుడు తెచ్చి, బల్బు కింద ఆరబెట్టుకుంటూ కూర్చోవడం అనవసరపు శ్రమ.

గూడు

పెద్ద బాతుకు మూడు నాలుగు చదరపు అడుగుల నేల చాలు. బాతులు కోళ్లలా కొయ్యలెక్కి పడుకోవు కాబట్టి గూడు ఎత్తుగా ఉండనవసరం లేదు, కానీ వాననీరు చేరకుండా అరుగు మీద కట్టాలి. నేల మీద వరి ఊక పరవాలి. పలుచటి కోళ్ల జాలీని కుక్కలు చించేస్తాయి, దాని కన్నుల్లోంచి ముంగిసలు దూరుతాయి. చిన్న కన్నుల వెల్డ్ మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి ఇనుప జాలీ) వేయించాలి. రాత్రి తలుపు వేయడం ఒక్కరోజు కూడా మరవకూడదు. ఈత కోసం గుంటలు తవ్వించనక్కరలేదు. పెద్ద బాతులు తల ముంచి కడుక్కోగలిగే అడుగు లోతు తొట్టి ఉంటే సరిపోతుంది. ఆ మురికినీటిని అరటిచెట్లకు వదిలితే బాగా పెరుగుతాయి.

వెచ్చదనం

ఆరు పిల్లలకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అట్టపెట్టె చాలు. అడుగున వార్తాపత్రిక పరవకండి. దాని మీద పాదాలు జారి, కాళ్లు రెండు పక్కలకూ ఎడమై, పిల్ల నడవలేకుండా పోతుంది. మొదటి మూడు రోజులు ఉతికి ఆరబెట్టిన గోనెపట్టా వేసి, ఏది మేతో పిల్లలకు తెలిశాక వరి ఊకకు మారాలి. వేరుశనగ పొట్టు మన దగ్గర చవకగా దొరికినా పరుపుగా వాడవద్దు, తడిస్తే తొందరగా బూజు పడుతుంది.

పెట్టెకు ఒక చివర మాత్రమే బల్బు వేలాడదీయాలి. 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బే కావాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగు తప్ప వేడి ఇవ్వదు. పిల్లల ఎత్తులో మొదటి వారం 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. తిరుపతిలో ఏప్రిల్ పగటి వేళ బల్బు పనే ఉండదు. పలమనేరు చలిలో మూడు నాలుగు వారాలు రాత్రిపూట తప్పదు. పిల్లలు బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కి అరుస్తుంటే వేడి చాలలేదని, దూరంగా పోయి నోళ్లు తెరచి రొప్పుతుంటే ఎక్కువైందని, పెట్టె అంతా పరచుకుని నిద్రపోతుంటే సరిగ్గా ఉందని అర్థం. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు, మూసిన గదిలో దాని నుంచి వచ్చే వాయువు పిల్లలనే కాదు, మనుషులనూ చంపుతుంది.

నీళ్లు: అన్నీ చెడేది ఇక్కడే

తల్లి బాతు వెంట తిరిగే పిల్లలు పుట్టిన రెండో రోజే నీళ్లలో దిగుతాయి, అది నిజమే. తల్లి తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ఆమె రెక్కల కింద దూరినప్పుడల్లా ఆ నూనె పిల్లల నూగుకు అంటుతుంది, నీళ్లలోంచి వచ్చాక ఆ రెక్కలే వాటిని ఆరబెట్టి వెచ్చబరుస్తాయి. బల్బు కింద పెరిగే పిల్లకు ఈ రెండూ లేవు. నాటుకోడి పొదిగిన పిల్లకు వెచ్చదనం దొరుకుతుంది గానీ నూనె దొరకదు. అలాంటి పిల్లను తొట్లో వదిలితే కొద్ది నిమిషాల్లో నూగు నీటిని పీల్చుకుంటుంది, ఒళ్లు బరువెక్కి చల్లబడుతుంది. మునిగిపోకపోయినా తర్వాత వణుకుతో చనిపోతుంది. పిల్లలకు మనమే నూనె రాద్దామని కొబ్బరినూనె పూసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. నూగు జిగటగా అతుక్కుపోయి ఉన్న కాస్త వెచ్చదనమూ పోతుంది.

అలాగని నీళ్లు తగ్గించడానికీ వీల్లేదు. బాతుపిల్ల మేత తింటూ మధ్యమధ్య నీళ్లు తాగకపోతే ముద్ద గొంతులో అడ్డుపడుతుంది. ముక్కు రంధ్రాల్లో చేరిన మేతను, కళ్లకు అంటిన మురికిని కడుక్కోవడానికి ముక్కును రంధ్రాల పైవరకు ముంచగలగాలి. కోడిపిల్లల కోసం అమ్మే గుండ్రటి డ్రింకర్‌లో అంత లోతు ఉండదు, అందుకే వాటితో పెంచిన పిల్లలకు కళ్లు ఉబ్బి, చుట్టూ పుసి కట్టి ఉంటుంది. ముక్కు మునగాలి, ఒళ్లు దిగకూడదు. మొదటి వారాల్లో నీటి లోతు రెండు మూడు అంగుళాలు ఉండాలి. ఈ కొలతను అందరూ పాటిస్తారు గానీ వెడల్పాటి బేసిన్లో పోసి పాటిస్తారు, అప్పుడు పిల్లలన్నీ అందులోనే కూర్చుంటాయి.

నేను వాడే ఏర్పాటు ఇది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తులో చుట్టూ మూడు నాలుగు రంధ్రాలు చేయాలి. పిల్ల తల సులువుగా దూరి, అంతే సులువుగా బయటకు రావాలి, ఒళ్లు దూరకూడదు. అంచులు గరుకుగా ఉంటే మెడకు గీసుకుంటాయి కాబట్టి వేడిచేసిన గరిటె కాడతో నునుపు చేయాలి. పిల్లలు పెరిగేకొద్దీ రంధ్రాలు పెంచాలి, లేదా పెద్ద డబ్బాకు మారాలి. ఇప్పుడు ఒక వెడల్పాటి ట్రే మీద అరంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించి, ఆ జాలీ మీద డబ్బా పెట్టాలి. పిల్లలు జాలీ మీద నిలబడి తాగుతాయి. ముక్కుతో చిమ్మిన నీళ్లన్నీ కిందనున్న ట్రేలో పడతాయి. జాలీ కొసలు పైకి పొడుచుకు రాకుండా లోపలికి వంచాలి. ఈ ట్రేను బల్బుకు దూరంగా రెండో చివర ఉంచాలి. ట్రే నీళ్లు రోజుకు రెండుసార్లు పారబోయాలి. జాలీ లేకుండా డబ్బా ఒక్కటే పెడితే సాయంత్రానికి ఊకంతా బురదవుతుంది. తడి ఊకలో పెరిగే బూజు ఊపిరితిత్తులకు పట్టి పిల్లలు ఆయాసంతో రొప్పుతాయి, దానికి మందు వేసినా ఫలితం ఉండదు.

ఇంత చేసినా ఒక పిల్ల తడవవచ్చు. రొమ్ము కింద చెయ్యి పెట్టి చూడండి: నూగు పాయలు పాయలుగా అతుక్కుని, కింది చర్మం గులాబి రంగులో కనిపిస్తూ చల్లగా తగిలితే ఆలస్యం చేయకూడదు. పాత నూలుగుడ్డతో అద్ది (రుద్దకుండా) తడి తీసి, పొడి గుడ్డలో చుట్టి బల్బుకు దగ్గరగా విడిగా పెట్టాలి. అది నిలబడి మిగతా వాటిని పిలుస్తూ అరిచేదాకా గుంపులో వదలవద్దు.

మూడు వారాలు దాటాక ఎండగా ఉన్న మధ్యాహ్నం, గోరువెచ్చని నీళ్లున్న వెడల్పాటి పళ్లెంలో ఐదు నిమిషాలు వదిలి, బయటికి తీసి ఆరబెట్టడం మొదలుపెట్టవచ్చు. ఏడెనిమిది వారాలకు ఈకలు పూర్తిగా వస్తాయి. పెద్ద తొట్టి అప్పటిదాకా వద్దు.

మేత

పొడి పిండిని పొడిగానే పెట్టకూడదు, నీళ్లతో ముద్దగా తడిపి పెట్టాలి. మన ఎండలకు ఆ ముద్ద తొందరగా పులుస్తుంది కాబట్టి పూటకు సరిపడా మాత్రమే కలపాలి. మొదటి ఎనిమిది వారాలు మేత ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, తర్వాత రోజుకు రెండుపూటలు చాలు. మందు కలపని చిక్ స్టార్టర్ (కోడిపిల్లలకు అమ్మే తొలి మేత) దొరికితే అది వాడుకోవచ్చు, కానీ బాతుపిల్లకు కోడిపిల్ల కంటే నియాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ అవసరం. అది తక్కువైతే కాళ్లు వంకరపోతాయి, పిల్ల మడమల మీద కూలబడుతుంది. మేతలో కొంచెం ఈస్ట్ పొడి కలిపితే ఆ లోటు తీరుతుంది. ఉడికించిన నూకలు, నలిపిన ఉడికిన గుడ్డు, సన్నగా తరిగిన ఆకుకూర, అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) అన్నీ మంచివే. ఎదిగిన బాతులకు తవుడు, రాగులు, నత్తలు, వానపాములు ఇష్టం.

వేరుశనగ పండే మన జిల్లాలవారు మరీ జాగ్రత్తగా ఉండాల్సింది వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) విషయంలో. బూజు పట్టిన వేరుశనగలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పెంపుడు పక్షుల్లో బాతుపిల్లలే అందరికంటే తక్కువగా తట్టుకుంటాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు, వాటితోపాటు బాతుపిల్లలు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక వెతికితే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. గానుగ నుంచి తెచ్చిన తాజా చెక్కనైనా పిల్లలకు పెట్టవద్దు. పెద్దవాటికి పెట్టేటప్పుడు విరిచి వాసన చూడాలి, మక్కిన వాసన వస్తే ఎరువు గుంటలో వేయాలి. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. మొక్కజొన్న విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

టీకాలు, గుడ్లు

బాతులకు వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బు డక్ ప్లేగుకు టీకా 8 నుంచి 12 వారాల వయసు మధ్య వేయించాలి. దగ్గరి పశువైద్యశాలలో అడగండి. తిరుపతివారికి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది.

బాతులు దాదాపు అన్ని గుడ్లూ తెల్లవారుజాము నుంచి ఉదయం తొమ్మిదిలోపే పెట్టేస్తాయి. అందువల్ల తొమ్మిదిదాకా గూటి తలుపు తీయకూడదు. తీస్తే గుడ్లు అరటిచెట్ల మొదళ్లలో, తొట్టి అడుగున వెతుక్కోవాలి. మూలన ఊక దట్టంగా పోసి ఒకటి రెండు గుడ్లు వదిలితే అక్కడే పెట్టడం అలవాటు చేసుకుంటాయి. బాతుగుడ్లకు బురద అంటడం సహజం. నిల్వ చేసేవాటిని కడగకుండా పొడిగుడ్డతో తుడవాలి, బాగా మురికైనవాటిని కడిగి ఆ రోజే వండుకోవాలి. సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది కాబట్టి పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించాలి, హాఫ్ బాయిల్ చేసి ఇంట్లోని చిన్నపిల్లలకు పెట్టకూడదు.