సీ లాంగ్వేజ్‌లో రెండు డైమెన్షన్ల అర్రేకి రన్ టైమ్‌లో మెమరీ తీసుకోవడం ఎలా?

ఒక ఫంక్షన్ లోపల 2000 రోలు, 2000 కాలమ్‌ల ఇంట్ అర్రేని మామూలుగా డిక్లేర్ చేసి వాడి చూడండి. ఇంట్‌కి 4 బైట్లు అనుకుంటే 1.6 కోట్ల బైట్లు కావాలి, లినక్స్‌లో స్టాక్ (ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే మెమరీ) పరిమితి సాధారణంగా 8 ఎంబీయే కాబట్టి సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు మాలక్ అనే ఫంక్షన్‌తో హీప్‌లో, అంటే రన్ టైమ్‌లో అడిగి తీసుకునే మెమరీలో, చోటు అడగాలి.

అందరూ మొదట నేర్చుకునేది డబుల్ పాయింటర్ (పాయింటర్‌కి పాయింటర్) పద్ధతి. ముందు ఎన్ని రోలున్నాయో అన్ని పాయింటర్లకు ఒక మాలక్, తర్వాత ఫర్ లూప్‌లో ఒక్కో రోకి మళ్ళీ ఒక మాలక్. చాలామంది బోల్తా పడేది మొదటి మాలక్ దగ్గరే: ఒక టైప్‌కి ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌లో ఇంట్ పాయింటర్ అని రాయాల్సిన చోట ఇంట్ అని రాసేస్తారు. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్‌కి 8 బైట్లు కాబట్టి మీకు దొరికేది సగం చోటే, అయినా ప్రోగ్రామ్ కాసేపు బుద్ధిగా నడిచి, సంబంధం లేని ఇంకెక్కడో కూలుతుంది. టైప్ పేరు రాయడం మానేసి, సైజాఫ్‌కి వేరియబుల్ ముందు స్టార్ పెట్టి ఇస్తే ఈ గొడవే ఉండదు.

తీసుకున్న మెమరీని ఫ్రీ చేసేటప్పుడు (తిరిగి ఇచ్చేటప్పుడు) ముందు రోలు, చివర్లో పాయింటర్ల అర్రే. తిరగేసి చేశారంటే రోల అడ్రస్‌లు చేజారినట్టే. మధ్యలో ఏ మాలక్ అయినా చోటు దొరక్క నల్ ఇస్తే అప్పటిదాకా తీసుకున్నవన్నీ వదిలేయాలి, ఈ పని మాత్రం ఎవరూ చేయరు!

నన్నడిగితే, రోలన్నీ ఒకే పొడవుంటే ఇదంతా దండగ. రోలను కాలమ్‌లతో, ఒక్కో విలువ సైజుతో గుణించి, ఒక్క మాలక్‌తో మొత్తం చోటు తీసుకోండి. ఐ, జే స్థానంలోని విలువ కావాలంటే ఐని కాలమ్‌ల సంఖ్యతో గుణించి జే కలపాలి. డేటా అంతా పక్కపక్కనే ఉంటుంది కాబట్టి ప్రాసెసర్‌లోని వేగమైన చిన్న మెమరీ అయిన క్యాష్‌కీ మేలు, ఫ్రీ కూడా ఒక్కసారే.

ఆ గుణకారం చిరాకనిపిస్తే సీ99 (1999 నాటి సీ ప్రమాణం) నుంచి ఇంకో దారి ఉంది: పాయింటర్‌నే "ఇన్ని కాలమ్‌లున్న అర్రేకి పాయింటర్" అని డిక్లేర్ చేయండి, అప్పుడు ఒక్క మాలక్‌తోనే మామూలు రెండు బ్రాకెట్ల ఇండెక్సింగ్ పనిచేస్తుంది. స్టార్‌నీ పేరునీ కలిపి కుండలీకరణాల్లో పెట్టడం మర్చిపోతే అది పాయింటర్ల అర్రే అయిపోతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ మాత్రం దీన్ని ఒప్పుకోదు, అక్కడ గుణకారమే గతి.

డబుల్ పాయింటర్‌ని ఒక్కో రో ఒక్కో పొడవున్నప్పుడు వాడుకోండి.