హోల్‌సేల్ స్టోర్‌లో ఆదా చేయడం ఎలా?

సభ్యత్వ కార్డుతో నడిచే పెద్ద స్టోర్‌కు వెళ్ళే ముందు, హనుమకొండలో మీ వీధి కిరాణా కొట్టులో నెలనెలా కొనే పది సరుకుల ధరలను కాగితంపై రాసుకోండి. సభ్యత్వ రుసుము ఏడాదికి 600 రూపాయలనుకుంటే, నెలకు 50 రూపాయలు మిగిలిన తరువాతే అసలు ఆదా మొదలవుతుంది.

పోల్చవలసింది ప్యాకెట్ ధరను కాదు, కిలోకు లేదా లీటరుకు పడే ధరను. నూనె విషయంలో చాలామంది ఇక్కడే పొరబడతారు: లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి, 15 లీటర్ల డబ్బాలో ఉండేది దాదాపు 13.65 కిలోలే, దాని ధరను 15 కిలోల డబ్బా ధరతో నేరుగా పోల్చకూడదు.

సబ్బులు, ఉప్పు ఎక్కువగా తీసుకోవచ్చు. గోధుమపిండి, రవ్వ వానకాలంలో త్వరగా పురుగు పడతాయి కాబట్టి, పెద్ద సంచిని పక్కింటివారితో పంచుకోవడం మేలు.

ఏడాదికి సరిపడా ఎండుమిర్చిని అక్కడ కొనవద్దని నా గట్టి అభిప్రాయం. వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు కొత్త పంట వచ్చే రోజుల్లో తెలిసిన రైతు దగ్గర, కారం తక్కువగా, ఎరుపు ఎక్కువగా ఉండే చపాట రకం మిర్చిని తీసుకుని, ఘాటైన రకంతో కలిపి గిర్నీలో పట్టించుకుంటే రంగూ రుచీ రెండూ మన చేతిలో ఉంటాయి.

స్టోర్ నుంచి బయటికి వచ్చే ముందే బిల్లును సరుకులతో సరిచూసుకోండి.