సాలార్‌జంగ్ మ్యూజియం చిత్రాన్ని ఇంట్లో పటం కట్టించుకునే విధానం

హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం అర్ధవలయాకారంలో కట్టిన తెల్లని భవనం. బొమ్మలో గీతల మధ్య వదిలేసిన కాగితపు తెలుపే ఆ గోడలకు రంగు కనుక, కాగితం పసుపెక్కితే భవనమే మాసిపోయినట్లు కనిపిస్తుంది. అందుచేత కొనేముందు అది ఆమ్లరహితమైన (ఆమ్లం లేనందున త్వరగా పసుపెక్కని) కాగితమేనా, పిగ్మెంట్ సిరాతో (సన్నని రంగుపొడి కలిపిన, త్వరగా వెలిసిపోని సిరాతో) ముద్రించారా అని తప్పక అడగాలి.

భవనం వెడల్పుగా సాగుతుంది కాబట్టి అడ్డంగా ఉన్న ముద్రణే దానికి నప్పుతుంది. డిజిటల్ ఫైలు కొని మీరే ముద్రింపించుకుంటే, 42 × 29.7 సెంటీమీటర్ల ఎ3 కాగితానికి కనీసం 4961 × 3508 పిక్సెళ్లు ఉండాలి. అంతకు తగ్గితే కిటికీల సన్నని గీతలు అలుక్కుపోతాయి. బొమ్మ కింద సంవత్సరం వేసి ఉంటే సరిచూసుకోండి. 1951లో మ్యూజియం ప్రారంభమైనది సాలార్‌జంగ్ వంశీకుల నివాసమైన దివాన్ దేవిడిలో. ఇప్పటి భవనంలోకి మారినది 1968లో. లోపలి వస్తువుల చిత్రాలలో నాకు అత్యంత ప్రియమైనది సంగీత గడియారం. గంట గంటకూ బయటికి వచ్చి గంట కొట్టే ఆ చిన్న మనిషి స్పష్టంగా కనిపించే బొమ్మనే ఎంచుకోవాలని నా సలహా.

పటం కట్టించేటప్పుడు అద్దం కాగితానికి తగలకూడదు. మా ఇంటి మొదటి పటానికి అద్దాన్ని నేరుగా ఆనించి బిగించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆకాశం ఉన్నచోట కాగితం అద్దానికి అతుక్కుని, విడదీయబోతే నీలం పొరగా లేచి వచ్చింది. ఆ బొమ్మ మళ్లీ దక్కలేదు. కాబట్టి చుట్టూ అయిదు సెంటీమీటర్ల ఆమ్లరహిత మౌంట్ బోర్డు (బొమ్మకూ అద్దానికీ మధ్య ఎడం ఉంచే దళసరి అట్ట చట్రం) పెట్టించి, బొమ్మను పై అంచున రెండుచోట్ల మాత్రమే పలుచని కాగితపు పట్టీలతో, గోధుమపిండి జిగురుతో వెనుక బోర్డుకు అంటించమనండి. చెమ్మకు కాగితం సాగినా అప్పుడు ముడతలు పడే అవకాశం తక్కువ. సెల్లోటేపును మాత్రం ఒప్పుకోవద్దు.

ఎండ నేరుగా పడే గోడ, స్నానాలగది వెనుక గోడ పనికిరావు. పటం మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా మేకు కొట్టి, కింది మూలల వెనుక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గాలి ఆడుతుంది. తుడిచేటప్పుడు నీటిని అద్దంమీద చల్లక, గుడ్డనే కొద్దిగా తడిపి తుడవాలి; అంచున కారిన చుక్క నేరుగా మౌంట్‌లోకి దిగుతుంది.