పిల్లల పాటల పోటీలో న్యాయనిర్ణేత రాయవలసిన మాట

అన్నమయ్య జయంతి, త్యాగరాజ ఆరాధన దగ్గరపడితే తిరుపతిలో పిల్లలకు పాటల పోటీలు పెడుతూనే ఉంటారు. న్యాయనిర్ణేతగా పిలుపు అందుకున్నవారు మార్కులు వేయడంతో తమ పని తీరిందనుకోకూడదు. మర్నాడు సాధనకు కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఆ బిడ్డకు తెలిసేలా ఒక్క వాక్యమైనా రాసి ఇవ్వాలి.

మెచ్చుకోలు కూడా గురిచూసి చెప్పాలి. "బాగా పాడావు" అన్నది అందరికీ చెప్పే మాట కనుక ఎవరికీ అంటదు. "మోహన రాగంలో గాంధార స్వరం మీద నిలిచినప్పుడు నీ గొంతు ఎక్కడా వణకలేదు తల్లీ" అంటే తన బలం ఏమిటో ఆ పిల్లకు తెలుస్తుంది.

లోపాల్లో ఎక్కువ శ్రద్ధగా చూడవలసింది శ్రుతి, అంటే ఆధార స్వరంతో గొంతు కలవడం. "శ్రుతి తప్పింది" అని రాసి ఊరుకుంటే ప్రయోజనం లేదు, ఎందుకంటే అది తప్పడానికి కారణాలు వేరువేరు, వాటికి చేయవలసిన సాధనా వేరే. ఆధార స్వరాన్ని ఎత్తుగా ఐదున్నర శ్రుతిలో పెట్టుకుని, తారస్థాయి (పై స్థాయి) గాంధారం దగ్గర మెడనరాలు బిగించే పిల్లకు అర శ్రుతి దించి చూడమని చెప్పాలి. తంబురా మోగీ మోగకముందే పల్లవి అందుకునే పిల్లవాడిని షడ్జమ పంచమాలు (స, ప) కాసేపు విని, వాటిలో గొంతు కలిపి, ఆ తరువాతే ఎత్తుకోమంటే చాలు. దీర్ఘాల చివర మాత్రమే స్వరం జారుతుంటే చాలాసార్లు అది చెవి లోపం కాదు, ఊపిరి చాలకపోవడం. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో సాహిత్యం మీద గీత పెట్టి చూపాలి. గొంతు మారే వయసు మగపిల్లల విషయంలో మరింత నిదానం అవసరం. సభలో నవ్వులపాలైన పిల్లవాడు మళ్లీ మైకు ముందుకు రావడం కష్టం కనుక, ఇది వయసుతో సర్దుకుంటుందని, అంతవరకు గొంతుకు శ్రమ లేని శ్రుతిలో పాడుకోమని రాయాలి.

లయ సంగతి చేతిని చూస్తే తెలుస్తుంది. ఆదితాళం ఎనిమిది అక్షరాలనూ పల్లవిలో నిక్కచ్చిగా వేసిన చెయ్యి చరణంలో ఆగిపోయిందంటే, పాట అక్కడినుంచే పరుగందుకుంటుంది. ఆ ఒక్క చరణాన్ని తాళం వేస్తూ విలంబంలో, అంటే నిదానంగా, పాడుకోమనాలి, ఉపన్యాసం అక్కరలేదు.

నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలూ ఉంటారు. వారికి ఒత్తక్షరాలు తడబడితే "నీకు తెలుగు రాదు" అనడం అన్యాయం. ఆ రెండు మూడు పదాలను విడిగా రాసి, ఒత్తుల కింద గీతలు గీసి ఇస్తే సరిపోతుంది. నా దృష్టిలో పదాన్ని మధ్యలో విరిచి ఊపిరి పీల్చడం అంతకంటే పెద్ద దోషం, అది తెలుగిళ్ల పిల్లల్లోనూ తక్కువేమీ కాదు.

అన్నమయ్య సంకీర్తనల విషయంలో న్యాయనిర్ణేతకే జాగ్రత్త కావాలి. ఆ సంకీర్తనలు చెక్కిన తాళ్లపాక రాగిరేకుల్లో సంకీర్తనకు రాగం పేరు ఉంటుందిగాని, పాడే వరుసకు (బాణీకి) స్వరాలు దాదాపు లేవు. నేడు మనం వినే వరుసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. అందుచేత ఒకే సంకీర్తన రెండు రాగాల్లో వినిపించినా వింత లేదు, మనం నేర్చుకున్న వరుస కాదని మార్కులు కోయడానికి వీలూ లేదు. "ఇది ఎవరి వరుస నాయనా?" అని ఆప్యాయంగా అడగవచ్చు. అదే "నీకెవరు నేర్పారు?" అని కనుబొమలు ఎగరేసి అడిగితే, ముందు వరుసలో కూర్చున్న గురువుగారిని అందరి ఎదుటా తప్పుపట్టినట్టే అవుతుంది.

పాట మధ్యలో మరచిపోయి నిలిచిపోయిన బిడ్డకు మంచినీళ్లు ఇప్పించి, పల్లవి నుంచి మళ్లీ ఎత్తుకోనివ్వాలి. ఇక వ్యాఖ్యను పాట ముగిసిన వెంటనే, తరువాతి పేరు పిలవకముందే రాయాలి. మార్కులన్నీ కూడిన తరువాత రాద్దామనుకుంటే, మొదట పాడిన వారి గొంతులు అప్పటికి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, కాగితం మీద మళ్లీ "బాగా పాడావు" ఒక్కటే మిగులుతుంది.